కళాశాల కంప్యూటర్ ల్యాబులో ఫైలు దాచుకోవడం, ప్రింటు తీసుకోవడం: మన పిల్లలు తెలుసుకోవలసిన విషయాలు



ప్లస్ టూ ముగించిన మన పిల్లలు హోసూరు, కృష్ణగిరి, బర్గూరు కళాశాలల్లో చేరుతున్నారు. కొందరు బెంగళూరుకు పోతున్నారు. తెలుగులోనే పై చదువు కావాలనుకునే వారికి, 1997లో ఏర్పడిన కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం పక్కనే ఉంది. ఎక్కడ చేరినా మొదటి నెలలోనే కంప్యూటర్ ల్యాబుతో పని పడుతుంది. అసైన్‌మెంటు అక్కడే టైపు చేయాలి, అక్కడే ప్రింటు తీయాలి.

మన బడిలో చదివిన ఒక అమ్మాయి కళాశాలలో చేరి, వాళ్ళ అవ్వ పాడే నాట్ల పాటలు, పెళ్ళి పాటలు రాసుకొని ప్రాజెక్టుగా తయారు చేసింది. మూడు రోజులు ల్యాబులో కూర్చొని టైపు చేసి, కంప్యూటర్ డెస్క్‌టాప్ మీదే ఉంచింది. నాలుగో రోజు పోయి చూస్తే ఫైలు లేదు. మళ్ళీ అవ్వ దగ్గర కూర్చొని రాసుకుంది. రెండు పాటలు మాత్రం అవ్వకు ఎంతకీ గుర్తు రాలేదు. తిరిగి టైపు చేసినదాన్ని ప్రింటుకు ఇస్తే తెలుగు అక్షరాల చోట డబ్బాలు వచ్చాయి. ఆ అమ్మాయి నాకు ఇది చెప్పినప్పుడు, తప్పు తనది కాదు, ముందే చెప్పి పంపని మాదే అనిపించింది. అందుకే ఈ వివరాలు.

ల్యాబులో ఫైలు ఎక్కడ ఉంటుంది?

ఇంట్లో కంప్యూటర్ మనది. ల్యాబులో కంప్యూటర్ అందరిదీ. చాలా ల్యాబుల్లో యంత్రాన్ని ఆపి మళ్ళీ పెట్టగానే అందులో కొత్తగా చేరినదంతా చెరిగిపోయేలా ఏర్పాటు చేసి ఉంటారు. వైరసులు రాకుండా, యంత్రాలు నెమ్మదించకుండా ఇది అవసరం. కాబట్టి డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో పెట్టిన ఫైలును నమ్ముకోకూడదు.

కొన్ని కళాశాలల్లో ప్రతి విద్యార్థికీ సొంత లాగిన్, దానితో పాటు సర్వర్‌లో ఒక ఫోల్డర్ ఇస్తారు. ఆ ఫోల్డర్‌లో పెట్టినది ఏ యంత్రంలో కూర్చున్నా కనిపిస్తుంది. ల్యాబులో మొదటి రోజే మూడు ప్రశ్నలు అడగండి: నాకు సొంత ఫోల్డర్ ఉందా? అందులో ఎంత పడుతుంది? చదువు ముగిశాక ఎన్నాళ్ళు ఉంచుతారు?

మూడు చోట్ల పెట్టుకోండి

ముఖ్యమైన ఫైలు ఒక్కచోటే ఉంటే అది లేనట్టే లెక్క. కళాశాల ఫోల్డర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంటర్నెట్ నిల్వలో ఒకటి ఉండాలి. గూగుల్ ఖాతాతో 15 జీబీ ఉచితంగా వస్తుంది. మెయిలు, ఫొటోలు కూడా అందులోకే లెక్క. వేరే ఏదీ వీలుకాని రోజున ఫైలును మీ మెయిలుకే మీరు పంపుకోండి, అది చాలు.

పెన్‌డ్రైవ్‌ను యంత్రంలోనుంచి పీకేయకూడదు. ఎజెక్ట్ నొక్కి, తీయవచ్చని చెప్పాకే తీయాలి. ఫైలుకు పేరు పెట్టేటప్పుడు "కొత్తది", "ఫైనల్" అని పెడితే నెల తరవాత మీకే తెలియదు. విషయం, తేదీ రెండూ పేరులో ఉండాలి.

తెలుగు అక్షరాలు ఎందుకు చెడిపోతాయి?

దీనికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది పాత ఫాంట్లు. డీటీపీ దుకాణాల్లో వాడే అను వంటి ఫాంట్లలో కంప్యూటర్ లోపల దాచేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతాలనే. ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి.

రెండోది యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుంచే తెలుగుకు సొంత చోటు ఉంది. మీరు ఫోనులో టైపు చేసే తెలుగు యూనికోడే. కొత్త విండోస్‌లో తెలుగును, తమిళాన్ని రెంటినీ చూపించే నిర్మల యూఐ అనే ఫాంటు ఉంటుంది. కానీ పాత యంత్రాల్లో, కొన్ని లినక్స్ యంత్రాల్లో తెలుగు ఫాంటు ఉండకపోవచ్చు. మన జిల్లాలో ల్యాబులవాళ్ళు తమిళానికి కావలసినవి తప్పక పెట్టుకుంటారు, తెలుగును మరచిపోవచ్చు. అప్పుడే డబ్బాలు వస్తాయి. మండలి, రామభద్ర, పోతన, లోహిత్ తెలుగు, నోటో వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. వీటిలో ఒకటి పెట్టమని ల్యాబు సార్‌ను మర్యాదగా అడగండి. మన తరవాత వచ్చే పిల్లలకూ పనికొస్తుంది.

అన్నింటికన్నా సులువైన మార్గం పీడీఎఫ్. మీ యంత్రంలో తెలుగు సరిగ్గా కనిపిస్తున్నప్పుడే ఫైలును పీడీఎఫ్‌గా సేవ్ చేయండి. అక్షరాల రూపాలు ఆ ఫైలులోనే ఇమిడిపోతాయి. కాబట్టి ఇంకో యంత్రంలో ఆ ఫాంటు లేకున్నా ప్రింటు సరిగ్గా వస్తుంది. అయితే పీడీఎఫ్ ఒక్కటే ఉంచుకోవద్దు. అందులోనుంచి తెలుగును కాపీ చేస్తే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. దిద్దుకోవడానికి అసలు ఫైలు ఉండి తీరాలి.

ప్రింటు ఇచ్చేటప్పుడు

- ముందుగా ప్రింట్ ప్రివ్యూ చూడండి. కాగితం ఏ4 అని ఉందా, అక్షరాలు అంచుల్లో తెగిపోతున్నాయా గమనించండి.
- మొదట ఒక్క పేజీ తీసి చూడండి. ఒత్తులు సరిగ్గా ఉంటేనే మిగిలినవి తీయండి.
- ల్యాబులో చాలామంది ఒకే ప్రింటరు వాడతారు. మీ ఫైలు వరుసలో నిలుస్తుంది. కాగితం వెంటనే రాలేదని మళ్ళీ మళ్ళీ నొక్కితే అన్ని ప్రతులూ వస్తాయి, లెక్క మీ పేరునే పడుతుంది.
- కొన్నిచోట్ల నెలకు ఇన్ని పేజీలని కోటా ఉంటుంది. రంగు అవసరం లేనిచోట నలుపులోనే తీయండి. కళాశాల ఒప్పుకుంటే కాగితం రెండు వైపులా తీయండి.
- గడువు రోజు ఉదయం ప్రింటుకు పోవద్దు. ఆ రోజే ఇంకు అయిపోతుంది, ఆ రోజే కరెంటు పోతుంది.

సర్టిఫికెట్ల సంగతి

మార్కుల పత్రం, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ప్రవేశాల సమయంలో పదేపదే అడుగుతారు. వాటిని ఒకసారి శుభ్రంగా స్కాన్ చేసి పెట్టుకోండి. 2015లో వచ్చిన డిజిలాకర్‌లో రెండు భాగాలు ఉన్నాయి. ప్రభుత్వ శాఖలే నేరుగా జారీ చేసినవి ఒక భాగం, మనం స్కాన్ చేసి ఎక్కించేవి ఇంకో భాగం. అసలు పత్రంతో సమానమైన విలువ మొదటి భాగానికే ఉంది. మనం ఎక్కించినది వట్టి నకలు. ఈ తేడా పిల్లలకు తెలియాలి.

ల్యాబులోగానీ జెరాక్స్ అంగడిలోగానీ పని కాగానే మెయిలు, వాట్సాప్ రెండింటిలోనుంచి లాగౌట్ అవ్వండి. ఆధార్ నకలు అక్కడి యంత్రంలో ఉంటే చెరిపేయమని నిలబడి అడగండి. అవసరమైన చోట చివరి నాలుగు అంకెలే కనిపించే ఆధార్ ప్రతిని వాడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట

మీకు కంప్యూటర్ రాకపోయినా ఫరవాలేదు. పిల్ల సాయంత్రం ఇంటికి రాగానే "ఈ రోజు రాసింది ఎక్కడ పెట్టినావమ్మా, ఇంకోచోట కూడా పెట్టినావా?" అని అడగండి. అది అడిగేవాళ్ళు ఇంట్లో ఒకరుంటే చాలు. మన ఊళ్ళ తెలుగు పుస్తకాల్లో తక్కువ, మన పెద్దల నోళ్ళలో ఎక్కువ. దాన్ని పిల్లలు ఇప్పుడు ఫైళ్ళలోకి ఎక్కిస్తున్నారు. ఆ ఫైలు పోతే ఇంకో ప్రతి ఏ గ్రంథాలయంలోనూ దొరకదు.

ఈ సంవత్సరం కళాశాలలో చేరబోయే పిల్లలు బడికి వస్తే, తెలుగు ఫైలును పీడీఎఫ్‌గా మార్చడం మన కంప్యూటర్ గదిలో చేసి చూపిస్తాం. పెన్‌డ్రైవ్ మాత్రం మీరే తెచ్చుకోండి.

ప్రధానోపాధ్యాయుడు