పుట్టింటి పేరున్న పువ్వు

మొన్న మా అమ్మాయి బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు మార్చుకునే ఫారం నింపుతూ, "ఇరవై ఆరేళ్ల పేరు ఒక్క గీతతో పోతోందే అమ్మా!" అంది. నాకు చప్పున షిరూయి లిల్లీ గుర్తొచ్చింది.

లిల్లీ అంటే మనం బజార్లో మూరల లెక్కన కొనే తెల్లపూలు కావండోయ్! అవి నేలసంపెంగలు. మెక్సికో నుంచి వచ్చాయి, లిల్లీ జాతే కాదు. నే చెప్పేది అసలు లిల్లీ. మణిపూర్‌లో ఉఖ్రూల్ పక్కన 2,835 మీటర్ల షిరూయి కొండ ఉంది. ఆ పైభాగాన గడ్డిలో, పొగమంచులో, మే, జూన్ నెలల్లో పూస్తుంది. నీలిఛాయ కలిసిన లేత గులాబి రంగు, తల వంచుకున్న చిన్న గంట ఆకారం. కొత్త కోడలిలా అనబోయి ఊరుకున్నాను.

1946లో దీన్ని ఫ్రాంక్ కింగ్‌డన్ వార్డ్ అనే ఇంగ్లీషాయన చూశాడు. కొత్త మొక్కల కోసం కొండలెక్కడమే ఆయన పని. మరుసటేడు బొంబాయి హైకోర్టు జడ్జిగారమ్మాయి జీన్ మాక్లిన్‌ని పెళ్లాడాడు. ఆయనకి 62, ఆవిడకి 26! (మా వారు ఈ లెక్క దగ్గరే ఆగిపోయి, మిగతా కథ వినలేదు.) 1948లో ఇద్దరూ కలిసి ఆ కొండకే వచ్చారు. ఆ రోజుల గురించి ఆయన ఓ పుస్తకం రాశాడు. 1949లో పువ్వుకి శాస్త్రీయ నామం ఖాయమైంది: లిలియం మాక్లినియే. అప్పటికి ఆవిడ ఇంటిపేరు మారిపోయింది. పువ్వుకి మాత్రం పుట్టింటి పేరే నిలిచింది!

చాన్నాళ్లు దీనికే మురిసిపోయాను. తర్వాత తట్టింది, దొరగారు రాకముందు ఆ పువ్వుకి పేరే లేదా అని. లేకేం! అక్కడి తాంగ్‌ఖుల్ జనం దాన్ని కషోంగ్ తిమ్రవోన్ అంటారు. కొండను కాచే దేవత ఫిలావా కూతురట తిమ్రవోన్. అంటే అదీ ఓ తల్లి కూతురి పేరే. శాస్త్ర గ్రంథాలకెక్కింది జడ్జిగారమ్మాయి పేరు, కొండమ్మ కూతురి పేరు కాదు.

ఈ పువ్వు ఇంకోచోట బతకదని అక్కడివాళ్ల నమ్మకం. విత్తనాలు తీసుకెళితే స్కాట్లండు తోటల్లో చక్కగా పూసింది. కష్టమంతా పుట్టింట్లోనే. పొట్టి వెదురు పొదలు ఆ గడ్డినేలని కమ్మేస్తున్నాయి. చూడవచ్చినవాళ్లు తుంచుకుపోవడం మరొకటి. 1989లో రాష్ట్ర పుష్పం చేశారు, 2017లో దాని పేర ఉత్సవమూ మొదలెట్టారు. ఉత్సవమంటే మళ్లీ జనమే కదా!

అంతా విని మా అమ్మాయి ఫారం మడిచి పక్కన పెట్టింది. "ఆ రెండో పేరేమిటన్నావూ? మళ్లీ చెప్పమ్మా" అంది.