తీగకు పూసిన దీపాలు

మన భాషలో తీగ అంటే పందిరికి అల్లుకున్న మల్లెతీగ కావచ్చు, గోడ వెంట పోయే కరెంటు తీగ కావచ్చు. ఈ రెండర్థాలనూ తెలుగు తెలియకుండానే ఒక్కచోట కలిపినవాడు ఫ్రెంచి గృహాలంకరణ కళాకారుడు ఝాఁ రువాయేర్. ఆయన చేసిన దీపాల్లో బాగా ప్రసిద్ధమైనదాని పేరు ‘లియాన్’. ఫ్రెంచిలో ఆ మాటకు అడవితీగ అని అర్థం.

1902లో పారిస్‌లో పుట్టిన రువాయేర్ మొదట ఎగుమతి దిగుమతుల వ్యాపారంలో ఉండేవాడు. 1931లో, 29వ ఏట, అది వదిలేసి, వడ్రంగి కార్ఖానాలకు పేరుపడ్డ ఫోబూర్ సేంతాంత్వాన్ పేటలో పని నేర్చుకున్నాడు. 1934లో షాంజెలిజే వీధిలో కార్ల్‌టన్ హోటలు రెస్టారెంటును అలంకరించడంతో పేరు వచ్చింది.

ఇల్లంటే నివసించే యంత్రం అనుకుంటున్న రోజులవి. తర్వాత మన చండీగఢ్‌కు రూపమిచ్చిన ల కొర్బూజియే ఆ మాట 1923లోనే రాశాడు. పనికిరాని వంపూ సొంపూ దండగని ఆధునికుల వాదం. రువాయేరూ తొలిరోజుల్లో లోహపు గొట్టాలతో కుర్చీలు చేశాడు. కానీ అక్కడే ఆగిపోలేదు. 1947లో తల్లి ఇంటి కోసం సోఫా చేసినప్పుడు దానికి మూలలే లేకుండా చేశాడు. బొద్దుగా, మెత్తటి బొచ్చుబట్ట కప్పుకుని ఉంటుంది. తర్వాత దానికి ‘ధ్రువపు ఎలుగుబంటి’ అన్న పేరు స్థిరపడింది.

లియాన్ దీపమూ అంతే. వంకరలు తిరిగిన లోహపు కాడ గోడ మీద పాకుతుంది. కొమ్మ కొమ్మకూ ఓ చిన్న షేడు, అందులో బల్బు. రెండు బిందువుల మధ్య దగ్గరి దారి సరళరేఖ అని చదువుకున్న ఇంజనీరును నేను. మొదటిసారి బొమ్మ చూసి, ఇంత లోహం దండగ కదా అనుకున్నాను.

తర్వాత మా ఇంటి సంగతి గుర్తొచ్చింది. హాలు సీలింగులో లెక్కగట్టి వరసగా లైట్లు పెట్టించాను. గదంతా ఒకే వెలుగు, చీకటి మూలన్నది లేదు. అయినా రాత్రయితే అందరూ వంటింటి బల్ల దగ్గరే. నెత్తిమీది వెలుగు గదిని చూపిస్తుంది. పక్కనున్న చిన్న దీపం మనిషి ముఖాన్ని చూపిస్తుంది. రువాయేర్ వంకర్లు దండగ కాదు. వెలుగును మనుషులు కూర్చునే చోటికి తీసుకొచ్చే దారులవి.

కైరో, బేరూత్, టెహ్రాన్‌లలోనూ ఇళ్లు అలంకరించిన ఆయన, 1980లో తన చిత్తుబొమ్మలూ కాగితాలూ పారిస్ అలంకరణ కళల మ్యూజియానికి ఇచ్చేశాడు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియాలో కన్నుమూశాడు.

మా హాల్లో లియాన్ లేదు, దాని ధర మన అందుబాటులోది కాదు. మూడు మూలల్లో మూడు చిన్న దీపాలు పెట్టి, సీలింగు లైట్లు ఆర్పేశాం. ఇప్పుడు రాత్రిపూట ఆ గదిలో మనుషులు కనిపిస్తున్నారు.