కాటన్ అను ఇంటిపేరు

గోదావరి డెల్టాలో కాటన్ దొరగారి పేరు వినని పల్లె యుండదు. 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టను నిర్మింపజేసిన సర్ ఆర్థర్ కాటన్ గారి యింటిపేరును గూర్చి నేడు మనవి చేసెదను.

కాటన్ అనగా ఇంగ్లీషున ప్రత్తి. కావున ఆయన పూర్వులు ప్రత్తి వర్తకులై యుందురని పలువురు తలంతురు. బాల్యమున నేనును అట్లే తలంచితిని. అది పొరపాటు. ప్రత్తికి గల ఆ పేరు అరబ్బీ భాషలోని ‘కుత్న్’ అను మాటనుండి ఫ్రెంచివారి ద్వారా ఇంగ్లండు చేరినది. ఇంటిపేరునకు మూలము వేరు. ప్రాచీన ఇంగ్లీషున ‘కొట్’ అనగా గుడిసె. ‘కొటుమ్’ అనగా గుడిసెలయొద్ద. నాలుగు గుడిసెలున్న చోటును జనులు అట్లు పిలువగా, ఆ విభక్తిరూపమే ఊరిపేరై నిలిచినది. కేంబ్రిడ్జి చెంత నేటికిని కోటన్ అను పల్లె యున్నది. ఇతర సీమలలోను అట్టి పేళ్లు గల ఊళ్లు కలవు.

1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, కాలక్రమమున విలియములును జానులును ఊరూర పెరిగిరి. లెక్కలు వ్రాయువారికి ఏ విలియమో తెలియవలెను గదా! అందుచే ‘కోటన్ ఊరి విలియము’ అని వ్రాసిరి. మొదట ఆ గుర్తు మనిషితోనే పోయెడిది. పిదప తండ్రినుండి కొడుకునకు సంక్రమించి ఇంటిపేరైనది. కాటన్ గారు 1803లో జన్మించిన వుడ్‌కోట్ అను చోటి పేరునకును అడవిలోని గుడిసె యనియే అర్థము.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. ‘ఊరు’ అనునది ‘ఊరి’ యగుటయు విభక్తి మహిమయే. ఆనకట్ట కట్టుచుండగా 1848లో రాజమహేంద్రవరమున జన్మించిన వీరేశలింగము పంతులుగారి పూర్వులు కందుకూరునుండి వచ్చినవారు. వారు ఊరు విడిచినను ఊరు వారిని విడువలేదు.

కోటన్ వంటి పేరు పలు ఊళ్లకు గలదు గనుక కాటనులందరు ఒక్క వంశమువారు కారు. మనలోను ఇంటిపేరు కలిసినంత మాత్రమున చుట్టరికము నిర్ణయింపరాదు. అట్లే ధ్వని కలిసినంత మాత్రమున అర్థమును నిర్ణయింపరాదు.

గ్రామ పెద్దలకు నాదొక్కటే మనవి. మీ యింటిపేరు ఏ యూరిదో, మీ పూర్వులు ఆ యూరిని ఏల విడిచిరో, మీరు విన్నంతవరకు పిల్లలకు చెప్పుడు. పాత దస్తావేజులుండిన చూపుడు. మీరు చెప్పకున్నచో, వారును ప్రత్తి కథ వంటిదొకటి కల్పించుకొని దానినే చరిత్ర యని నమ్ముదురు.