ఊరి యాంబోతు ఎవరిది?

పందొమ్మిదవ శతాబ్దపు చివర, 1885కును 1890కిని నడుమ, ఈ దేశపు ఉన్నత న్యాయస్థానములు మూడింటికి ఒకేవిధమైన విచిత్రప్రశ్న యెదురైనది. పితృకర్మయందు ముద్రవేసి విడిచిన యాంబోతును గాని, దేవునికి మ్రొక్కుకొని వదలిన యెద్దును గాని ఎవడైన పట్టుకొని తన పాలు చేసికొన్నచో అది దొంగతన మగునా, కాదా? దొంగతన మగుటకు సొత్తునకొక స్వామి యుండవలెను గదా, ఆ స్వామి యెవడు? విడిచినవాడు తన హక్కును సంపూర్ణముగ త్యజించెను గనుకను, మఱియెవడును దానిని స్వీకరింపలేదు గనుకను అట్టి వృషభము ఎవరి సొత్తును గాదనియు, పట్టినవాడు దొంగ కాడనియు అలహాబాదు, కలకత్తా న్యాయస్థానములు తీర్పు చెప్పినవి. మద్రాసు న్యాయస్థానము మాత్రము వేఱుత్రోవ త్రొక్కినది. దేవునికి అర్పించిన యెద్దు వీధులలో స్వేచ్ఛగ తిరిగినంతమాత్రమున అడవిమృగము కాదనియు, యజమానికి ఉండవలసిన హక్కులును బాధ్యతలును ఆ గుడి ధర్మకర్తకే చెందుననియు అది నిర్ణయించినది. చిత్తూరు, తిరుపతి నాడు ఉత్తరార్కాటు జిల్లాలో చేరి మద్రాసునకు లోబడియుండినవి గనుక మన సీమలో దేవుని యెద్దులకు వర్తించినది ఈ తీర్పే.

నేడు పట్టణములలో వీధికుక్కపిల్లలను దత్తతకిచ్చు శిబిరములు జరుగుచున్నవి. గాయపడిన పశువు సంగతి ఫోనులో చెప్పగనే వచ్చి కొనిపోవు యువజనసంఘములు ఏర్పడుచున్నవి. ఇదియంతయు పాశ్చాత్యులవలన నిన్నమొన్న మనకబ్బిన అలవాటని కొందరు తలంతురు. మన పూర్వుల భూతదయ ముందు ఇది యెంతయని మఱికొందరు కొట్టివేయుదురు. రెండును నాకు తొందరపాటుగనే తోచుచున్నవి. దిక్కులేని పశువును చూచి జాలిపడువారికి ఏ కాలమునందును కొఱత లేదు. జాలి చల్లారిన మఱునాడు ఆ పశువునకు గడ్డి వేయవలసినవాడెవడు అనునదే యెల్లకాలముల చిక్కు. ఈ సీమలో ఆ చిక్కును ఒక్కొక్క తరమువారు ఒక్కొక్క విధముగ విప్పజూచిరి.

చోళుల కాలమున శ్రీకాళహస్తి, తిరుపతి, చిత్తూరు ప్రాంతములు తొండమండలమున భాగములై యుండెను. నాటి దేవాలయశాసనములలో తఱచుగ కానవచ్చునది అఖండదీపదానము. దాత అనేకపర్యాయములు సొమ్మునకు బదులు పశువుల నిచ్చెడివాడు: ఒక్క దీపమునకు 96 గొఱ్ఱెలు, లేదా 32 ఆవులు అనునవి వాడుకలోనున్న లెక్కలు. గుడి ఆ మందను తన ప్రాకారములో కట్టివేసికొని కూర్చుండక కాపరుల కప్పగించెడిది. వారు మందను మేపుకొనుచు, దాని పాడి ననుభవించుచు, దినమునకింత నేయియని దీపమునకు కొలిచి యీయవలెను. ఆ గొఱ్ఱెలను చావును ముదిమియు లేనివిగ శాసనములు పేర్కొనును. గొఱ్ఱె చావక యుండునా? చచ్చినదాని స్థానమున మందలో పుట్టినదానిని చేర్చి సంఖ్య తఱుగకుండ చూచుకొనుట కాపరి పూచీ యని దాని భావము. ఇందు దయ యెంత, లెక్క యెంత యని అడిగినచో లెక్కయే హెచ్చని ఒప్పుకొనవలెను. అయినను పశువు దేవునిది, పోషణ ఫలానివారిది, పోషించువానికి దక్కునది యింత, అతడు ఈయవలసినది యింత యని ఱాతిమీద చెక్కించిన ఆ యేర్పాటులోని స్పష్టత తరువాతి యేర్పాటులలో పెక్కింటికి లేదు.

ఆంబోతు సంగతి యట్టిది కాదు. మృతుని పుణ్యలోకప్రాప్తికై కోడెదూడకు తొడమీద శూలమునో చక్రమునో కాల్చి ముద్రవేసి వదలెడివారు. ఆ క్షణమునుండి దానికి కట్టుకొయ్య లేదు, పలుపు లేదు, కాడి లేదు. ఎవరి చేనిలో పడి మేసినను అదలింపవలెనే గాని కొట్టరాదు. ఊరి యావుల కన్నిటికిని అదియే విత్తనపుటెద్దు గనుక ఆ మేత వృథా పోవుట లేదని రైతులకును తెలియును. ఆచారమునకు వెనుక నిట్టి వ్యవసాయప్రయోజన మొకటి యుండుటచేతనే అది అన్ని శతాబ్దములు నిలిచినది. కాని చేను పోగొట్టుకొన్నవాని కడుపుమంట కూడ అబద్ధము కాదు. బాధ్యత యెఱుగక తిరుగువానిని నేటికిని మనవారు అచ్చోసిన ఆంబోతనియే తిట్టుచుండుట వినుచున్నాము గదా! ఊరందరిదియైన పశువు ముసలిదై కాలు విఱిగి పడినప్పుడు ఎవరి వాకిట పడవలెను? ఆచారము దీనికి బదులు చెప్పలేదు.

ఆంగ్లప్రభుత్వము చెప్పిన బదులు బందెలదొడ్డి. 1871 నాటి పశువుల అక్రమప్రవేశపు చట్టము ననుసరించి పరుల చేనిలో పడిన పశువును తోలుకొనిపోయి దొడ్డిలో పెట్టింపవచ్చును. సొంతదారుడు జుల్మానాయును మేత ఖర్చును చెల్లించి విడిపించుకొనవలెను. ఏడు దినములలో ఎవడును రానిచో ప్రకటన వేయించి, మఱియేడు దినములు చూచి వేలము వేయుదురు. వేలములో కొన్నవాడు దానిని దున్నుటకు కొనెనో కోయుటకు కొనెనో అడిగెడి వాడు లేడు. చట్టము కాపాడదలచినది పైరును, పశువును గాదు. ఇక 1876–78 నాటి ధాత కరవులో ఉత్తరార్కాటునందును, మదనపల్లె నాడు చేరియుండిన కడపజిల్లాయందును మేత లేక, నీరు లేక పశువులు మందలుమందలుగ కూలిపోయినవి. ఆ యేండ్లలో మద్రాసు రాష్ట్రమునుండి ఓడలకెక్కిన తోళ్ళ యెగుమతి విపరీతముగ పెరిగినది. మనుష్యులే గంజికై బారులు తీరిన ఆ దినములలో పశువు నేల కాపాడలేదని పూర్వుల నిందించుటకు నాకు నోరు రాదు.

జంతుహింసకు దండనవిధించు చట్టము 1890లో వచ్చినది. పశువును క్రూరముగ కొట్టినవానిని, మోయలేని బరువు మోపినవానిని అది శిక్షించును. ఈ దృష్టి మాఱుటకు మఱి డెబ్బదియేండ్లు పట్టినది. ఆ మార్పునకును మన సీమకును దూరపుచుట్టఱిక మొకటి కలదు. 1895లో జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు మదనపల్లె. 1915లో దివ్యజ్ఞానసమాజపు నాయకురాలు అనీబిసెంటు కళాశాల స్థాపించినదియు అచ్చటనే. కృష్ణమూర్తి భావములతో వెలసిన ఋషివ్యాలీ విద్యాలయము దానికి సమీపముననే యున్నది. ఈ దివ్యజ్ఞానసమాజపు వాతావరణము నందే అడయారులో పెరిగి, కళాక్షేత్రమును నెలకొల్పిన రుక్మిణీదేవి అరండేలు 1952లో రాజ్యసభకు నియుక్తురాలై, పిమ్మట జంతుహింసానివారణకు తానే యొక బిల్లును సభ ముందుంచెను. ప్రభుత్వమే సమగ్రమైన చట్టము తెచ్చునని నెహ్రూ మాట యిచ్చిన పిమ్మట ఆమె దానిని ఉపసంహరించుకొనెను. ఆ మాట ఫలించి 1960లో చట్టమైనది; 1962లో జంతుసంక్షేమమండలి యేర్పడి ఆమెయే తొలి అధ్యక్షురాలయ్యెను. ఆ చట్టపు మూడవ విభాగము చిన్నది. పశువు ఎవని సంరక్షణలో నున్నదో వాడు దాని క్షేమమునకై తగిన చర్యలన్నియు తీసికొనుట విధియని అది చెప్పును. ధర్మకర్త పూచీని గూర్చి మద్రాసు న్యాయస్థానము చెప్పినదానిని ఇది ప్రతి పోషకునికి వర్తింపజేసినట్లు నేను చదువుకొందును. న్యాయవాదు లొప్పుకొందురో లేదో వారినే అడుగవలెను.

తిరుపతిలో పశువైద్యకళాశాల 1955లో వెలసినది. అర్ధశతాబ్ది పిదప, 2005లో, అది శ్రీ వేంకటేశ్వర పశువైద్యవిశ్వవిద్యాలయమున కేంద్రమైనది. భక్తులు మ్రొక్కుబడిగ సమర్పించు ఆవులకు దేవస్థానమువారి గోసంరక్షణశాల ఆశ్రయము. 2020లో దేవస్థానమువారు 'గుడికో గోమాత' యను పేర ఆవును దూడతో సహా ఇతర దేవాలయములకు ఇచ్చు కార్యక్రమము నారంభించిరి. గుడి స్వీకరించినచో ధర్మకర్తలు పోషింపవలెను. మరల పాత త్రోవయే. ఇంత గోభక్తిగల నగరముననే యేటేట గంగజాతరలో కోళ్ళును వేటలును తెగుచున్నవి. చంద్రగిరి దాపున రంగంపేటలో కనుమపండుగనాడు కొమ్ములకు పలకలు కట్టిన కోడెలపై పడుచువాండ్రు పడుచున్నారు. ఊరి మనస్సు ఒక్క త్రాటిమీద నడువదు. నడుచునని నటించు చరిత్రకారుని నేను నమ్మను.

శేషాచల పాదమున 1987 సెప్టెంబరు 29న ప్రారంభమైన శ్రీ వేంకటేశ్వర జంతుప్రదర్శనశాల ఐదువేల యెకరములకు మించిన ఆవరణము గలది. అచ్చటికి జనులు చూచుటకు పోవుదురు గాని దానిలో ఒక భాగము ప్రదర్శనకై యేర్పడినది కాదు, సర్కసు మృగముల రక్షణకై యేర్పడినది. ఒకప్పుడు ఊరూర గుడారములు వేసి సింహములను ముక్కాలిపీటల నెక్కించి, పులులను మండుచున్న చక్రములలోనుండి దూకించిన సర్కసులు చిత్తూరు తిరుపతులకును వచ్చెడివి. ఆ యానందమును మా తరమువారు కాదనలేరు. 1991లో ప్రభుత్వము ఎలుగుబంటి, కోతి, పులి, చిఱుతపులి, కుక్క అను నైదింటిని ఆడింపరాదని నిషేధించినది. దానిపై వివాదము రేగి, పునర్విచారణము జరిగి, 1998 అక్టోబరు 14న వెలువడిన క్రొత్త ప్రకటనలో కుక్క తొలగినది, సింహము చేరినది. సర్కసు యజమానులు కేరళ న్యాయస్థానమునకు పోయి ఓడిరి. 2001 మే 1న సుప్రీంకోర్టును నిషేధమును స్థిరపఱచినది.

తీర్పుతో పని తీరలేదు. బోనులలో పుట్టి, బోనులలో పెరిగి, వేట యెఱుగని వందలకొలది మృగములు ఒక్కసారిగ నిరుద్యోగులైనవి. అడవిలో విడిచినచో ఆకటికి చచ్చును, లేదా ఊరిమీద పడును. సర్కసు సింహములలో పెక్కు ఆఫ్రికా, భారతజాతుల సంకరములు గనుక గిర్ అడవి సింహముల వంశరక్షణకును పనికిరావు. కేంద్ర జంతుప్రదర్శనశాలల ప్రాధికారసంస్థ వీనికై దేశమున కొన్నిచోట్ల రక్షణకేంద్రముల నేర్పఱచినది. మన రాష్ట్రమున విశాఖపట్టణమునకును తిరుపతికిని ఆ భారము వచ్చినది. ఆ కేంద్రముల నియమము కఠినము: వచ్చిన మృగమునకు ఆయువున్నంతవరకు ఆహారము, వైద్యము, నిలువనీడ, సంతానము మాత్రము కలుగరాదు. చివరి మృగము కన్నుమూయుటతో ఆ ప్రయత్నము సఫలమైనట్లు లెక్క. తనకు తానే ముగింపు కోరుకొను ధర్మసంస్థ మఱియొకటి ఈ సీమలో నేనెఱుగను. దేవుని గొఱ్ఱెకు చావు లేదనిన శాసనము పుట్టిన సీమలోనే ఈ నియమమును అమలు జరిగినది.

ఇట్టి ప్రదర్శనశాలలలోనే దత్తతపథకము కూడ కలదు. ఒక దినమునకో, నెలకో, సంవత్సరమునకో మృగము మేతఖర్చును దాత భరించును. మృగము తన తావుననే యుండును. అఖండదీపపు దాతకును ఇతనికిని భేదము చాల స్వల్పము. ఇంటికి కొనిపోవు దత్తత కంటె ఇది తక్కువదని కొందరనుకొందురు గాని, తాను సాకజాలని దానికి సాకగలవాని చేత సాకింపజేయుట యందు తెలివి యున్నది.

కుక్క విషయమున ఇంత నెమ్మదిగ మాటలాడుట కష్టము. పిచ్చికుక్క కఱచినవారికి దక్షిణదేశమున శరణ్యమైన కూనూరు పాశ్చరుసంస్థ 1907లో వెలసినది. ఆ వ్యాధి ముదిరినచో మందు నేటికిని లేదు. కుక్కలబండి వచ్చి పట్టుకొనిపోయి చంపుటయే చిరకాలము పురపాలకసంఘముల పద్ధతి. విమానచాలకుడైన కెప్టెన్ సుందరం మద్రాసున స్థాపించిన బ్లూక్రాసు జంతురక్షణసంఘమువారు 1964నుండి చంపుటకు బదులు సంతాననిరోధమును, టీకాలను కోరుచు వచ్చిరి. ఆ నగరపాలకులు ఒప్పుకొనుటకు 1996 వరకు పట్టినది. 2001లో దేశమంతటికిని నియమములు వచ్చినవి. 2023 నాటి క్రొత్త నియమములును, శస్త్రచికిత్సయు టీకాయు అయిన పిమ్మట కుక్కను పట్టినచోటనే విడువవలెనని చెప్పినవి. అనగా వీధికుక్క మరల ఊరందరిదైనది, ఆంబోతువలె. అన్నము పెట్టువాడు యజమాని కాడు, కఱపించుకొన్నవాని గోడు వినుటకు ధర్మకర్త లేడు. పెట్టువారి దయను నేను శంకింపను; కాని సాయంకాలము ఒక విస్తరి నిండ అన్నము పెట్టి తలుపు వేసికొనుటయును, ఒక్కదానినైన గడప లోపలికి తెచ్చుకొని దాని జబ్బులను, ముసలితనమును భరించుటయును ఒక్కటి కావు.

ఢిల్లీ వీధికుక్కల విషయమున 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన యుత్తరువులో ఇందునకు సంబంధించిన అంశమొకటి యున్నది. వీధికుక్కను పెంచుకొనదలచినవారు నగరపాలకసంస్థకు దరఖాస్తు చేసికొనవచ్చును. అట్లు తీసికొన్న కుక్క తిరిగి వీధి పాలు కాకుండ చూచుట వారి బాధ్యత.

మన సీమకే చెందిన పుంగనూరు ఆవు చరిత్ర ఇందుకు విపరీతముగ నడచుచున్నది. మూడడుగుల యెత్తు, తక్కువ మేత, చిక్కని పాలు గల ఆ పొట్టిజాతి, మెట్టసేద్యమునకు పేరుపడినదే అయినను సంకరజాతుల విస్తరణమువలన నశింపవచ్చినది. పలమనేరు పశుపరిశోధనస్థానమువారు మందను నిలిపి బీజమును కాపాడకున్నచో పేరే మిగిలెడిది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన నివాసమున ఈ యావులకు మేత పెట్టుచున్న చిత్రములు పత్రికలలో వచ్చినవి. అంతటితో దేశమంతట గిరాకి పెరిగినది. ఇప్పుడు దూరపు నగరములలోని చలువఱాతి హాలులలో, సోఫాల నడుమ, పట్టుగుడ్డ కప్పిన పుంగనూరు దూడలు కానవచ్చుచున్నవి. జాతి యుద్ధరింపబడుచున్నదని సంతోషింపవలసినదే. అయినను మందలో మేయవలసిన పశువును మేడపైకెక్కించి, పేడకును మూత్రమునకును విసిగి యేడాది తిరుగకముందే బేరమునకు పెట్టినవానిని, కుక్కను తెచ్చుకొన్నవాని నడిగినట్లు అడుగు నియమ మేదియు లేదు. కొనువాడు దొరకినచో అమ్ముకొనును, దొరకనిచో ఏ గోశాల వాకిటనో రాత్రివేళ కట్టివేసి పోవును.