సింగాయభట్టు కాలువ, గొల్లపల్లి నీళ్లు

మా పెనుకొండకు నీళ్లు తేవడం 1388 నాటికే రాచకార్యం. ఇక్కడ ఏలుబడి చేస్తున్న ప్రతాప బుక్కరాయలు, జలసూత్రం తెలిసిన సింగాయభట్టును పిలిచి పెన్నను పట్నానికి తెమ్మన్నాడు. ఆ సంగతి గౌరీబిదనూరు ప్రాంతపు శాసనంలో ఉంది. భట్టు కాలువ తవ్వి సిరువెర చెరువులో కలిపి, ఆ కాలువకు బుక్కరాయల పేరే పెట్టాడు. నీళ్లు కావలసింది పట్నానికి, అయినా కాలువ చెరువులోకి వెళ్లింది. చెరువు నిండితే ఆయకట్టు పండుతుంది, చుట్టుపక్కల బావులు ఊరతాయి. మా సీమలో పట్నమూ పల్లే కలిసి బతికిన పద్ధతి ఇదే.

1565లో తళ్లికోట యుద్ధం తర్వాత పెనుకొండ విజయనగర రాజ్యానికి రాజధాని కూడా అయింది. ఆ వైభవం పోయినా కరువు పోలేదు.

2016 చివర్లో హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం ద్వారా కృష్ణా నీళ్లు మా గొల్లపల్లి జలాశయానికి చేరాయి. శ్రీశైలం వెనకజలాల నుంచి, మల్యాల దగ్గర మొదలుపెట్టి మెట్టుమెట్టుగా ఎత్తిపోసి తెచ్చిన నీళ్లవి. మరుసటి ఏడు ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం జరిగింది. 2019 ఆగస్టులో అమ్మకానికి మొదటి కారు బయటికొచ్చింది. ఫ్యాక్టరీకి నీళ్లు గొల్లపల్లి నుంచే. ఏళ్లతరబడి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన హిందూపురానికి తాగునీళ్లూ అక్కడి నుంచే. బెంగుళూరు బస్సెక్కే పిల్లలకు ఇంటి దగ్గరే పని దొరకడం మాకు చిన్న విషయం కాదు, ఫ్యాక్టరీ రావడం మంచిదేనని నేను గట్టిగా నమ్ముతాను.

కానీ హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్‌కి వెళ్లి చూడండి. అక్కడికొచ్చే గూళ్ల వెనక పల్లెలో ఒక మల్బరీ తోట, ఆ తోట కింద ఒక బోరు ఉంటాయి. చెరువు ఎండితే ఆ బోరూ ఎండుతుంది. ధర్మవరం మగ్గం మీదికెక్కే పట్టుకు మూలం ఇట్లాంటి తోటలే. పల్లె నీళ్లకు కోత పడితే ఆ దెబ్బ పట్నం నేతగాడికీ తగులుతుంది.

భూమి విషయమూ మరవకూడదు. 2008లో మొదలైన లేపాక్షి నాలెడ్జ్ హబ్ అనే పారిశ్రామిక ప్రాజెక్టు కోసం చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు తీసుకున్నారు. రైతు చేతిలో భూమి పోయింది, చెప్పిన ఉద్యోగాలు రాలేదు.

నీళ్ల విషయంలోనూ అలా జరగకుండా, కరువు ఏడాదిలో గొల్లపల్లి నీళ్లు ఎవరికెంతో ఇప్పుడే కాగితం మీద పెట్టాలి. ముందు తాగునీళ్లు, తర్వాత కాలువ వెంబడి చెరువులకు ఒక్క తడవైనా నింపుదల, ఆపైన పరిశ్రమకు. ఫ్యాక్టరీ వాడిన నీటినే శుద్ధిచేసి మళ్లీ వాడుకోగలదు, శెనక్కాయ చేనుకు ఆ వీలు లేదు. ఈ వంతులు తేల్చే సమావేశంలో అధికారులు, కంపెనీ వాళ్లతో పాటు చెరువు కింది రైతుకూ కుర్చీ వేయాలి.