పుష్ ప్రాసెసింగ్ డెవలపర్లు

మసక వెలుతురులో తీసిన నలుపు-తెలుపు ఫిల్మును మామూలుకన్నా ఎక్కువసేపు కడిగి, చాలని వెలుగును కొంతవరకు సర్దుకోవడమే పుష్ ప్రాసెసింగ్. 400 స్పీడు (వెలుగుకు స్పందించే కొలత) ఫిల్మును 1600 అనుకుని తీస్తే రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్లు, పుష్ చేసినట్టు.

కోడక్ 1920ల్లో సినిమా నెగటివ్‌ల కోసం రూపొందించిన డి-76 డెవలపర్‌లో మెటాల్, హైడ్రోక్వినోన్ ఉంటాయి. అందులో ఎక్కువసేపు ఉంచితే ముఖాలు, దీపాలు తెల్లగా తేలతాయి, కాంట్రాస్ట్ పెరుగుతుంది. నీడలు మాత్రం దాదాపు అలాగే ఉండిపోతాయి. వెలుగు తగలని చోట ఏ రసాయనమూ బొమ్మను పుట్టించలేదు. కాస్తంత తగిలిన చోట మాత్రం డెవలపర్‌ను బట్టి ఫలితం మారుతుంది.

ఈ విషయంలో మలుపు ఇల్‌ఫోర్డ్ కంపెనీలో వచ్చింది. ఫెనిడోన్ అనే రసాయనానికి డెవలప్ చేసే గుణం ఉందని 1940లో జె.డి. కెండల్ కనుగొన్నారు. దానికి హైడ్రోక్వినోన్ తోడైతే నీడల్లోని వివరం మెటాల్‌తో కన్నా మెరుగ్గా పైకి వస్తుంది. ఇల్‌ఫోర్డ్ డెవలపర్ మైక్రోఫెన్ ఆ కలయికతో తయారైందే.

ఫెనిడోన్ సత్తా వెండితెర మీదా కనిపించింది. 1959లో దర్శకుడు గొదార్ పారిస్‌లో ‘బ్రెత్‌లెస్’ తీసేటప్పుడు రాత్రి వీధుల్లో సినిమా లైట్లు వద్దన్నారు. ఛాయాగ్రాహకుడు రౌల్ కుతార్ ఎంచుకున్న ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీఎస్ ఫిల్ము అప్పట్లో స్టిల్ కెమెరాలకే దొరికేది. 17.5 మీటర్ల చుట్టలను ఒకదానికొకటి అతికించి, ఫెనిడోన్ డెవలపర్‌లో కడిగించి, 400 స్పీడును 800కు తెచ్చారు. ఆ సినిమా రాత్రి దృశ్యాల్లోని గరుకు అందంలో రసాయనానికి కుతార్ కన్నుకున్నంత వాటా ఉంది.

అమెరికాలో అక్యుఫైన్, డయాఫైన్ డెవలపర్లు పేరు తెచ్చుకున్నాయి. డయాఫైన్ రెండు ద్రావణాల పద్ధతి: మొదటిదాన్ని ఫిల్ము మీది ఎమల్షన్ పీల్చుకుంటుంది, రెండోదానిలో అసలు పని జరుగుతుంది. వెలుగు ఎక్కువగా పడ్డ చోట పీల్చుకున్న మందు త్వరగా అయిపోతుంది, నీడల్లో పని సాగుతూనే ఉంటుంది. దీపాలున్న దృశ్యాలకు ఇంతకన్నా తెలివైన ఉపాయం అరుదు.

1988లో కోడక్ టీ-మ్యాక్స్ పీ3200, 1998లో ఇల్‌ఫోర్డ్ డెల్టా 3200 ఫిల్ములు వచ్చాయి. వీటి అసలు స్పీడు దాదాపు 1000 మాత్రమే. మిగతాది పుష్ చేసి రాబట్టాల్సిందే. ఈ మధ్యలో, 1996లో, విటమిన్ సి తరగతి రసాయనంతో కోడక్ ఎక్స్‌టాల్ డెవలపర్ విడుదలైంది. సన్నని గ్రెయిన్‌తో పాటు మంచి స్పీడునూ ఇవ్వడం దాని ప్రత్యేకత.

ఇల్‌ఫోర్డ్ 400 స్పీడు ఫిల్ము హెచ్‌పీ5 ప్లస్‌ను పలుచన చేయని మైక్రోఫెన్‌లో 20 డిగ్రీల వద్ద 400కు ఆరున్నర, 1600కు 11, 3200కు 16 నిమిషాలు కడగాలని ఇల్‌ఫోర్డ్ పట్టిక చెబుతుంది. కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ జోడీయే మేలు. మన వేసవిలో మాత్రం ద్రావణాన్ని ముందుగా మంచునీళ్లలో ఉంచి చల్లబరచుకోవాలి.