పాటే కాపురంగా: రాజా, జిక్కి



భార్యాభర్తలిద్దరూ ఒకే వృత్తిలో ఉంటే లోకం ఎవరి పేరు ముందు చెబుతుందో మీకు తెలియనిది కాదు. "రాజా గారి భార్య జిక్కి" అంటాం. అలా అనుకునే ముందు వారి కథ ఒక్కసారి వరుసగా చూద్దామా?

ఇద్దరిదీ అప్పటి చిత్తూరు జిల్లాయే. ఎ.ఎం. రాజా 1929లో రామాపురంలో పుట్టారు. జిక్కి అసలు పేరు పి.జి. కృష్ణవేణి. ఆమె 1935లో చంద్రగిరిలో పుట్టారు. వయసులో ఆయన పెద్ద. పాటలో మాత్రం ఆమే పెద్ద! 1943లో వచ్చిన "పంతులమ్మ" నాటికి జిక్కి గొంతు వెండితెర మీద వినిపించింది. అప్పటికి ఏడెనిమిదేళ్ళ పిల్ల. రాజా పచ్చయ్యప్ప కళాశాలలో చదువు ముగించుకుని 1951లో "సంసారం"తో ప్రవేశించే నాటికి, ఆవిడ ఎనిమిదేళ్ళ అనుభవజ్ఞురాలన్నమాట.

1953లో హిందీ "ఆహ్" తెలుగులో "ప్రేమలేఖలు"గా వచ్చింది. శంకర్ జైకిషన్ బాణీలకు ఆరుద్ర మాటలు కూర్చారు. ఆ పాటలతో ఈ రెండు గొంతులూ జంటగా ఇంటింటికీ చేరాయి. రాజా "విప్రనారాయణ"లో, "మిస్సమ్మ"లో పాడారు. జిక్కి 1955లో "రోజులు మారాయి"లో పాడిన ఏరువాక పాటకు వహీదా రెహమాన్ నర్తించింది. ఆ బాణీ తర్వాత బొంబాయి దాకా వెళ్ళి హిందీ పాటయింది.

మరి ఆ రోజుల్లో మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇళ్ళకు ఈ పాటలు ఎలా వచ్చాయి? 1956 దాకా మనది హైదరాబాదు రాష్ట్రం. కచేరీ వ్యవహారమంతా ఉర్దూలో. మద్రాసులో తయారైన తెలుగు పాట ఇక్కడి వంటింటికి చేరాలంటే సినిమా హాలన్నా కావాలి, గ్రామఫోనన్నా కావాలి, రేడియో అన్నా కావాలి. 1952 నుంచి ఆకాశవాణి సినిమా పాటకు ముఖం చాటేస్తే శ్రోతలు సిలోను స్టేషను తిప్పుకున్నారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చాక గాని మన రేడియో మళ్ళీ సినిమా పాటకు మనసిచ్చింది కాదు. కామారెడ్డికి రైలుంది, ఎల్లారెడ్డికి లేదు. పాటకు రైలుతో పనేముందండీ!

పెళ్ళయ్యాక ఇంట్లో ఒకరు బాణీ కట్టేవారు, ఒకరు పాడేవారు. రాజా 1958లో "శోభ"తో సంగీత దర్శకులయ్యారు. 1960లో "పెళ్ళికానుక" ఆయనకు తెలుగులో శాశ్వత కీర్తి తెచ్చింది. అందులో వాద్యాల హడావుడి లేదు. మాట వినబడేటట్టు, గొంతు చుట్టూ మెత్తగా తిరుగుతాయి వాద్యాలు. జిక్కి పాడిన పాట వినండి, ఉత్సాహమంతా ఆ గొంతులోనే ఉంది. భార్య గొంతు ఎక్కడ పలుకుతుందో ఎరిగిన మనిషి కట్టిన బాణీ అది.

రాజా పని విషయంలో పట్టింపు మనిషి. అరవైలలో అవకాశాలు తగ్గాయి. అప్పుడు దంపతులిద్దరూ కచేరీలు చేసుకున్నారు. 1989 ఏప్రిల్ 8న తమిళనాడులోని వళ్ళియూరు స్టేషనులో జరిగిన రైలు ప్రమాదంలో రాజా కన్నుమూశారు.

తోడు పోయిందని జిక్కి గొంతు మూగబోలేదు. 2001లో "మురారి"లో సునీత, సంధ్యలతో కలిసి పెళ్ళిపాట పాడారు. 2004 ఆగస్టు 16న ఆమె వెళ్ళిపోయారు. ఆ పాట లేకుండా ఇవాళ పెళ్ళిపందిరి ఏదండీ?

భర్తకన్నా ఎనిమిదేళ్ళు ముందు మొదలుపెట్టి, ఆయన పోయిన పన్నెండేళ్ళకు కూడా పాడింది జిక్కి. వచ్చే లగ్గాల్లో ఆ పాట వినిపిస్తే, పక్కనున్న అమ్మాయికి "ఈ పెద్దగొంతు జిక్కిది" అని పేరు పెట్టి చెప్పండి. ఎవరి భార్యో తర్వాత చెప్పవచ్చు.